చవక షేరు – చిన్న సంస్థ : దీర్ఘకాలిక పెట్టుబడికి కొన్ని సూత్రాలు

"మెహంగా రోయే ఏక్ బార్, సస్తా రోయే బార్ బార్" అని ఉర్దూలో ఒక సామెత కలదు. ఖరీదు పెట్టి కొన్నవాడు ఒక్కసారే ఏడ్చును, చవకగా కొన్నవాడు మాటిమాటికీ ఏడ్చును అని దాని భావం. చెప్పులకూ గొడుగులకూ పుట్టిన ఈ సామెత షేర్ల బజారుకు ఎంత చక్కగా అన్వయించునో గత విద్యాసంవత్సరంలో మాకు తెలిసివచ్చినది.

మా వాణిజ్యశాస్త్ర తరగతిలోని ఒక విద్యార్థి ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన ఇరవై ఒక్క వేల రూపాయలతో ఒక సంస్థ షేర్లు కొన్నాడు. ఒక్కొక్కటి మూడున్నర రూపాయలు. మొత్తం ఆరు వేల షేర్లు. ఆ పేరును అతనికి అందించినది సెల్‌ఫోనులో వచ్చిన ఒక సందేశం. కొద్ది రోజులు ధర పెరిగినది. తరువాత ప్రతిదినం అనుమతించిన కనిష్ఠ పరిమితికి పడిపోవుచు వచ్చినది. అమ్ముదామన్న కొనువాడు లేడు. చివరకు అమ్ముడైన నాటికి షేరు ధర రూపాయి పది పైసలు. చేతికి వచ్చినది ఆరు వేల ఆరువందలు. ఆ సొమ్ము నిజానికి మరుసటి సంవత్సరపు ఫీజు కొరకు దాచినది. ఫీజును అతని అన్నగారు అప్పు తెచ్చి కట్టినారు.

"సార్, మూడున్నర రూపాయల షేరు ఇంకెంత పడుతుందిలే అనుకున్నాను" అని ఆ విద్యార్థి మాతో అన్నాడు. బ్యాలెన్స్ షీటు వ్రాయుట మేము అతనికి నేర్పితిమి. పరీక్షలో మంచి మార్కులు కూడ వచ్చినవి. కాని తన డబ్బు పెట్టబోవు సంస్థ బ్యాలెన్స్ షీటును తెరచి చూడవలెనని మేము ఎన్నడును చెప్పలేదు. ఆ లోపమును కొంతవరకైనను సరిదిద్దుకొనుటకే ఈ వ్యాసము.

ధర వేరు, పరిమాణము వేరు

ముందుగా రెండు మాటలను విడదీసి చూడవలెను. అతి తక్కువ ధర గల షేరును "పెన్నీ షేరు" అందురు. అమెరికాలో సాధారణంగా ఐదు డాలర్ల లోపు షేర్లకు ఈ పేరు వర్తించును. మన దేశంలో పది రూపాయల లోపు వాటిని వాడుకలో ఇట్లు పిలుచుచున్నారు. "మైక్రోక్యాప్" అనగా ఆ సంస్థ షేర్లన్నిటి మొత్తం విలువ చిన్నదని అర్థం. సెబీ 2017 లో చేసిన వర్గీకరణ ప్రకారం మొత్తం విలువలో మొదటి 100 సంస్థలు పెద్దవి, 101 నుండి 250 వరకు మధ్యరకం, 251 నుండి అన్నియు చిన్నవి. ఆ చిన్నవాటిలో అట్టడుగున నున్నవే మైక్రోక్యాప్ సంస్థలు.

ఒక ఉదాహరణ తీసికొందము. "క" అను సంస్థ షేరు ధర 4 రూపాయలు. జారీ అయిన షేర్లు 50 కోట్లు. "చ" అను సంస్థ షేరు ధర 400 రూపాయలు. షేర్లు 20 లక్షలు. చూచుటకు మొదటిది చవక, రెండవది ప్రియము. కాని హెచ్చవేసి చూచిన "క" మొత్తం విలువ 200 కోట్లు, "చ" విలువ 80 కోట్లు. రెండింటికీ ఏటా 8 కోట్ల లాభమే వచ్చుచుండినచో, నాలుగు రూపాయల షేరు కొన్నవాడు లాభమునకు 25 రెట్లు చెల్లించుచున్నాడు. నాలుగు వందల షేరు కొన్నవాడు 10 రెట్లే చెల్లించుచున్నాడు. కావున ఒక్క షేరు ధర చవకకు గుర్తు కాదు. ఒక లడ్డూను వంద ముక్కలు చేసినంత మాత్రమున లడ్డూ ధర తగ్గదు గదా. ఇక పడుట విషయమునకు వచ్చిన, మూడున్నర నుండి సున్నకు పడినను, మూడువేల ఐదువందల నుండి సున్నకు పడినను నష్టం నూటికి నూరే.

మన నగర చరిత్రలోని ఒక పాఠం

ఈ వ్యవహారాలు సెల్‌ఫోనుతో పుట్టినవని అనుకొనరాదు. హైదరాబాదు సంస్థానం దీనిని నూట ముప్పై ఏండ్లకు పూర్వమే చవిచూచినది. 1871 లో భూగర్భ శాస్త్రజ్ఞుడు డాక్టర్ విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గును కనుగొన్నాడు. 1886 లో సంస్థానపు గనుల హక్కులను ఇద్దరు ఆంగ్ల వ్యాపారులు పొందినారు. వాటి ఆధారంగా లండన్‌లో "హైదరాబాద్ (దక్కన్) కంపెనీ" వెలసినది. మూలధనం పది లక్షల పౌండ్లు. పది పౌండ్ల షేర్లు ఒక లక్ష. అందులో 85,000 షేర్లు హక్కులు తెచ్చిన వర్గమునకే పూర్తిగా చెల్లింపు జరిగినట్లు వ్రాసి ఇవ్వబడినవి. అనగా గనిలోనికి పోవలసిన ధనములో అధికభాగం అసలు రానేలేదు. కాగితం మాత్రమే వచ్చినది. తరువాత సంస్థాన ప్రభుత్వం తరఫున కూడ ఆ షేర్లు కొనబడినవి. ఆ కొనుగోలు నడిపిన ఉన్నతాధికారికే అమ్మకంలో స్వలాభం కలదని వెల్లడియై పెద్ద గందరగోళం చెలరేగినది. 1888 లో బ్రిటిషు కామన్స్ సభ ఒక విచారణ సంఘమును నియమించవలసి వచ్చినది.

గమనించదగినది ఏమనగా, బొగ్గు అబద్ధం కాదు. 1889 లో ఇల్లెందులో త్రవ్వకం ప్రారంభమైనది. ఆ కంపెనీ ఆస్తులే 1920 డిసెంబరులో సింగరేణి కాలరీస్ కంపెనీకి సంక్రమించినవి. 1945 లో సంస్థాన ప్రభుత్వం అందులో అధికభాగం షేర్లను కొన్నది. నేటికిని వేలాది కుటుంబాలకు ఆ గనులే జీవనాధారం. గని మంచిదే; షేరు అమ్మిన తీరు మంచిది కాదు. "ఈ వ్యాపారం మంచిదా?" అను ప్రశ్న ఒకటి, "ఈ ధరకు, ఈ మనుషుల వద్ద, ఈ షేరు కొనుట మంచిదా?" అను ప్రశ్న మరొకటి. మొదటిదానికి సమాధానం దొరకగానే చాలమంది రెండవదానిని మరచుచున్నారు.

హిమాయత్‌నగర్ నుండి నేటి వరకు

నారాయణగూడ చౌరస్తా నుండి కొద్దిదూరం నడచిన హిమాయత్‌నగర్ వచ్చును. హైదరాబాద్ స్టాక్ ఎక్స్ఛేంజి కొంతకాలం అక్కడ పనిచేసినది. 1943 లో నిజాం కాలమున ప్రారంభమైన ఆ సంస్థ గుర్తింపు 2007 లో రద్దయినది. దేశమంతట ఒకేసారి కంప్యూటరు ద్వారా వర్తకం సాగుటతో ప్రాంతీయ ఎక్స్ఛేంజిలకు పని లేకపోయినది. కాని అది సందడిగా నున్న రోజులలో జరిగిన ఒక అనుభవమును నేటి విద్యార్థులు తెలిసికొనవలెను.

1992 లో మూలధన జారీపై ప్రభుత్వ నియంత్రణ తొలగినది. పిదప కొన్ని సంవత్సరాలలో వేలాది క్రొత్త కంపెనీలు ప్రజల నుండి ధనం సేకరించినవి. మన రాష్ట్రంలో కూడ రొయ్యలు, పూలు, టేకు చెట్లు, కంప్యూటర్లు అని పలు పేర్లతో కంపెనీలు లేచినవి. అందులో కొన్ని నిజముగా వర్ధిల్లినవి. మరికొన్ని సొమ్ము చేతబడిన పిదప చిరునామాలో సైతం కనిపించలేదు. 1999 లో కేంద్ర ప్రభుత్వం, సెబీ కలిసి ఒక సమన్వయ సంఘమును ఏర్పరచి, దేశంలో ఇట్లు "మాయమైన కంపెనీలు" రెండు వందలకు పైగా నున్నట్లు గుర్తించినవి.

పెద్ద సంస్థ అయినంత మాత్రమున ప్రమాదం తప్పదనుటకు సత్యం కంప్యూటర్స్ సాక్ష్యం. 2009 జనవరి 7 న దాని అధిపతి స్వయంగా వ్రాసిన లేఖ ప్రకారం, పుస్తకాలలో చూపిన 5,361 కోట్ల నగదు నిల్వలో 5,040 కోట్లు లేనే లేవు. ఒక్కరోజులోనే ఆ షేరు ముప్పాతిక వంతుకు మించి పడిపోయినది. 2015 ఏప్రిల్‌లో హైదరాబాదు న్యాయస్థానం బాధ్యులకు శిక్ష విధించినది. వందలమంది నిపుణులు పరిశీలించు సంస్థలోనే ఇట్లు జరిగినపుడు, ఒక్క నిపుణుడు సైతం తొంగిచూడని మైక్రోక్యాప్ సంస్థ విషయంలో మనము ఎంత జాగ్రత్త పడవలెనో ఊహించుకొనవచ్చును.

చిన్నది పెద్దదగుట ఎట్లు?

అట్లని చిన్న సంస్థలన్నియు మోసములే అనుట అన్యాయం. 1984 లో సుమారు పాతిక లక్షల మూలధనంతో కల్లం అంజిరెడ్డి గారు మన నగరంలో నెలకొల్పిన డాక్టర్ రెడ్డీస్ ల్యాబొరేటరీస్ 2001 నాటికి న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజిలో స్థానం పొందినది. దాని వెనుక 1970 నాటి పేటెంట్ల చట్టం కలదు, ఐ.డి.పి.యల్. కర్మాగారంలో తరిఫీదైన రసాయన శాస్త్రజ్ఞులు కలరు. అనేక సంవత్సరాల శ్రమ కలదు.

మైక్రోక్యాప్ చరిత్రకు ఇంకను దగ్గరి ఉదాహరణ అవంతి ఫీడ్స్. 1993 లో ఏర్పడి, గోదావరి ఒడ్డున కొవ్వూరులో రొయ్యల మేత తయారుచేయు సంస్థ ఇది. 1990 దశకం మధ్యలో తెల్లమచ్చ వ్యాధి వలన టైగర్ రొయ్యల చెరువులు తుడిచిపెట్టుకొనిపోయినవి. చెరువు లేనిచోట మేతకు గిరాకీ ఎక్కడిది? అనేక సంవత్సరాలు ఈ షేరును పట్టించుకొన్నవారు లేరు. 2009 లో వన్నామీ రకం రొయ్యల పెంపకమునకు ప్రభుత్వం అనుమతించినది. దాదాపు అదేకాలంలో థాయిలాండుకు చెందిన థాయ్ యూనియన్ సంస్థ ఇందులో భాగస్వామి అయినది. కోస్తా జిల్లాలలో చెరువులు మరల నిండినవి. మేత అమ్మకాలు పెరిగినవి. లాభం, దానివెంట షేరు ధర పెరిగినవి. 2015 లో, 2018 లో జరిగిన షేర్ల విభజన, బోనసుల వలన పూర్వపు ఒక్క షేరు పదిహేను షేర్లయినది.

ఇందులో నేర్వదగినవి మూడు. మొదటిది, మార్పుకు కారణం కంటికి కనిపించునది. భీమవరం చెరువుగట్టున నున్న రైతుకు ఆ సంగతి బొంబాయి దలాలీ కంటె ముందుగానే తెలిసియుండును. రెండవది, ఫలితం రావుటకు సంవత్సరాలు పట్టినది. మూడవది, ఎంతటి మంచి షేరైనను ఒకే దిశలో పోదు. 2018 లో ఇదే షేరు ధర సగమునకు పైగా తగ్గినది. 2025 లో అమెరికా సుంకములు పెంచినపుడు రొయ్యల వ్యాపారమంతయు కలతచెందినది. దీనిని ఇప్పుడు కొనుమని మేము చెప్పుటలేదు. ఒక చిన్న సంస్థ ఎట్లు పెరిగినదో చూపుచున్నాము, అంతియే.

ఐదు పరీక్షలు

కొనుటకు ముందు ప్రతి సంస్థను ఈ ఐదు పరీక్షలకు గురిచేయవలెనని మా సూచన. వార్షిక నివేదికలు స్టాక్ ఎక్స్ఛేంజిల వెబ్‌సైటులలో ఉచితంగా లభించును. కనీసం ఐదు సంవత్సరముల నివేదికలు ప్రక్కప్రక్కన పెట్టుకొని చదువవలెను.

1. వ్యాపారం : ఆ సంస్థ ఏమి తయారుచేయును, ఎవరు కొందురు, మరల ఎందుకు కొందురు అను మూడింటికి రెండు వాక్యాలలో సమాధానం చెప్పగలగవలెను. నిన్న నూలు మిల్లు, నేడు సాఫ్ట్‌వేరు, రేపు సౌరశక్తి అని పేరు మార్చుకొను సంస్థలకు దూరముగా నుండుట క్షేమం.

2. ఋణం : చిన్న సంస్థకు ఒక చెడ్డ సంవత్సరం రాక తప్పదు. అప్పు లేనివాడు ఆ సంవత్సరమును దాటును. అప్పున్నవాడు బ్యాంకు చేతికి పోవును. వడ్డీని మతపరముగా వర్జించువారి కొరకు బొంబాయి ఎక్స్ఛేంజి 2010 లో టాసిస్ షరియా 50 అను సూచీని ప్రవేశపెట్టినది. వడ్డీ వ్యాపారం చేయు సంస్థలను, అధిక ఋణం గలవాటిని అట్టి సూచీలు మినహాయించును. తక్కువ అప్పు అను నియమం ఏ విశ్వాసం గలవారికైనను మేలే చేయును.

3. నగదు : లాభం కాగితంపై వ్రాయవచ్చును; నగదు చేతికి రావలెను. ఒక సంస్థ 4 కోట్ల లాభం చూపినది అనుకొందము. అదే సంవత్సరం ఖాతాదారుల నుండి రావలసిన బాకీలు 8 కోట్ల నుండి 20 కోట్లకు పెరిగినచో, 12 కోట్లు బయట చిక్కుకొన్నవన్నమాట. లాభం పోను 8 కోట్లు లోటు. ఇట్లు రెండు మూడు సంవత్సరాలు వరుసగా జరిగిన ఆ పుస్తకమును మూసివేయవచ్చును.

4. యాజమాన్యం : ప్రమోటర్ల వాటా ఎంత, అందులో తాకట్టు పెట్టినది ఎంత అనునవి చూడవలెను. సత్యం ఉదంతం పిమ్మట 2009 లో తాకట్టు వివరములు వెల్లడించుట తప్పనిసరి అయినది. సంస్థ సొమ్ము యజమానుల బంధువుల కంపెనీలకు అప్పుగా పోవుచున్నదా? ఆడిటర్లు మధ్యలో రాజీనామా చేయుచున్నారా? ఏటేట క్రొత్త షేర్లు జారీచేసి పాతవారి భాగమును పలుచన చేయుచున్నారా? హైదరాబాద్ దక్కన్ కంపెనీని నాడు ఎవరైనను ఈ ప్రశ్నలు అడిగియుండిన కథ వేరుగా నుండెడిది.

5. ధర : అమెరికా ఆర్థిక నిపుణుడు బెంజమిన్ గ్రాహం 1949 లో ప్రచురించిన తన గ్రంథంలో "భద్రతకు విడిచిన అంతరం" అను భావమును ప్రధానముగా చెప్పినాడు. పది టన్నుల లారీ పోవలసిన వంతెనను ఇంజనీరు పది టన్నులకే కట్టడు, ముప్పైకి కట్టును. మన అంచనా తప్పిపోయినను మునిగిపోని ధరకే కొనవలెను. చిన్న సంస్థల విషయంలో మన అంచనా తప్పుట సామాన్యం గనుక ఈ అంతరం మరింత అధికముగా నుండవలెను.

వీటికి తోడు అమ్మకపు సౌలభ్యం చూచుకొనవలెను. రోజుకు ఐదు శాతమే ధర మారవచ్చునను పరిమితి గల షేరు వరుసగా ఇరవై రోజులు పడిన 100 రూపాయలది సుమారు 36 కు చేరును. ఆ ఇరవై రోజులును కొనువాడు లేక మనము చూచుచు కూర్చుండవలసినదే. మా విద్యార్థికి జరిగినది ఇదియే. అందుచేత రేపు అవసరమగు ధనమును ఇందులో పెట్టరాదు. ఇక అడుగకుండ వచ్చిన సలహాల మాట. "ఊరక రారు మహాత్ములు" అన్నట్లు, ఊరక షేరు పేరు చెప్పువాడు తన వద్దనున్న షేర్లు అమ్ముకొనుటకే వచ్చియుండును.

పది వేల రూపాయల లెక్క

"పదింటిలో ఒకటి పదిరెట్లయిన చాలును గదా" అని కొందరు విద్యార్థులు వాదించినారు. లెక్క వేసి చూచితిమి. పది సంస్థలలో తలా వేయి చొప్పున పది వేలు పెట్టితిమనుకొందము. పది సంవత్సరాలలో నాలుగు పూర్తిగా పోయినవి. నాలుగు ఉన్నచోటనే నిలిచినవి. ఒకటి రెట్టింపు అయినది. ఒకటి పదిరెట్లయినది. మొత్తం 16,000 రూపాయలు. ఏటా ఐదు శాతమునకు లోపు. పబ్లిక్ ప్రావిడెంట్ ఫండులో 7.1 శాతం చొప్పున అదే పది వేలు దాదాపు 19,900 అగును. పదిరెట్లయిన షేరు చేతిలో నుండియు మనము వెనుకబడితిమి!

పదిరెట్లు కావలసిన దానిని రెట్టింపు కాగానే తొందరపడి అమ్మినచో మొత్తం 8,000 మాత్రమే, అసలుకే మోసం. అట్లు కాక, ఐదు పరీక్షల వలన ఆ నాలుగు మునిగిన సంస్థలను తప్పించుకొని, వాటి బదులు రెట్టింపగు సామాన్య సంస్థలను ఎన్నుకొనినచో మొత్తం 24,000. ఏటా సుమారు తొమ్మిది శాతం. కావున ఈ విద్యలో ప్రధానమైనది పదిరెట్లగు షేరును కనిపెట్టుట కాదు. మునుగు షేరును ముందుగా విడిచిపెట్టుట, మంచిదానిని ఓపికతో ఉంచుకొనుట. మొదటిది చదువు వలన వచ్చును; రెండవది స్వభావం వలన వచ్చును.

విద్యార్థులకు, కమిటీ వారికి

విద్యార్థులకు మా హితవు ఇది. ఫీజుల సొమ్ము, అప్పు తెచ్చిన సొమ్ము, ఇంటివారి ఆపద కొరకు దాచిన సొమ్ము షేర్ల బజారు గడప త్రొక్కరాదు. పది వార్షిక నివేదికలు చదువనిదే ఒక్క షేరు కొనరాదు. కొనదలచినపుడు ఎందుకు కొనుచున్నారో, ఏమి జరిగిన అమ్ముదురో ఒక కాగితంపై వ్రాసి తేదీ వేసి దాచుకొనవలెను. సంవత్సరం తరువాత ఆ కాగితం మీకు చెప్పునంత నిజమును ఏ సలహాదారుడును చెప్పడు.

కళాశాల కమిటీ వారికి ఒక మనవి. మన గ్రంథాలయంలో ఒక అలమారను కంపెనీల వార్షిక నివేదికల కొరకు కేటాయించ ప్రార్థన. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో ఉద్యోగ పరీక్షలకు చదువుకొను యువకులు తెల్లవారకముందే చోటు పట్టుకొనుట మనమెరుగుదుము. ఆ పట్టుదలలో పదవ వంతు ఈ నివేదికల మీద చూపినను చాలును. వారానికొక గంట ఉర్దూ మాధ్యమం, తెలుగు మాధ్యమం విద్యార్థులు కలిసి కూర్చుండి ఒక్కొక్క సంస్థ లెక్కలను పరిశీలించుటకు మేము సిద్ధముగా నున్నాము. ఆ గంటలో ఏ షేరు కొనవలెనో చెప్పబడదు. ఎట్లు చదువవలెనో మాత్రమే చెప్పబడును.

మూడున్నర రూపాయల షేరు కొన్న మా విద్యార్థి మొదటి సమావేశమునకు తానే ముందుగా పేరు ఇచ్చినాడు. తాను కొన్న సంస్థ నివేదికనే మొదట చదువుదమని అడిగినాడు. మేము సరే అన్నాము. ఆ నివేదికను అతడు ముందే చదివియుండిన, అన్నగారికి అప్పు తప్పియుండెడిది.